తెల్లవారుజామున మాత్రమే బిగిసే కుళాయి

మా వాకిట్లో కుళాయికి పోయిన చలికాలం ఒక జబ్బు చేసింది. పొద్దున్న అయిదింటికి ఉంటుంది, పదింటికి ఉండదు. పంపుల మేస్త్రి వచ్చేదేమో పదకొండింటికి. ఇంక అది ఎవరికి దొరుకుతుంది?

మాది కోనసీమలో రాజోలు వైపు పల్లెటూరు. ఇటు వశిష్ఠ గోదావరి, అటు సముద్రం. మేడ మీది ట్యాంకు నుంచి దిగే పైపుకి, తులసికోట పక్కనున్న ఇటుక దిమ్మ దగ్గర, నాన్నగారి కాలంనాటి ఇత్తడి కుళాయి ఉంటుంది. ధనుర్మాసం వస్తే దానికి ఊపిరాడదు. అమ్మ చీకటితో లేచి వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లాలి, ముగ్గు పెట్టాలి, బాయిలరులోకి నీళ్లు మొయ్యాలి, గేదెకి కుడితి కలపాలి. అన్నిటికీ ఆ కుళాయే.

అమ్మ ఫిర్యాదులు మూడు. ఒకటి, తెల్లవారుజామున కుళాయి తిరగదు. రెండు, కష్టపడి తిప్పి, పట్టుకుని, మళ్లీ గట్టిగా కట్టేసినా సన్నటి ధార కారుతూనే ఉంటుంది. మూడు, దిమ్మ మొదట్లో నేల ఎప్పుడు చూసినా తడిగా ఉంటోంది, ముగ్గు నిలవట్లేదు. మూడోదే ఆవిడకి అసలు బాధ. చుక్కలు పెట్టి మెలికలు తిప్పిన ముగ్గు ఒక పక్కంతా చెదిరిపోతే ఎవరికైనా మండుతుంది.

ముందు అనుమానం ఇంట్లోవాళ్ల మీదకే వెళ్లింది. "రాత్రి ఎవరో బలమంతా పెట్టి బిగించేస్తున్నారు" అంది. మా ఆవిడ "నేను సాయంత్రం నాలుగు దాటాక దాని దగ్గరికే వెళ్లలేదండి అత్తయ్యా" అంది. కాసేపు వాకిట్లో ఇద్దరూ చెరో బిందె పట్టుకుని నిలబడ్డారు.

మేస్త్రి వచ్చాడు. పదకొండు దాటింది, ఎండ చురుక్కుమంటోంది. రెండు వేళ్లతో కుళాయి తిప్పాడు, కట్టాడు, మళ్లీ తిప్పాడు. "ఆయ్, బాగానే ఉందండి. అమ్మగారికి చేతుల్లో సత్తువ తగ్గిందేమో" అన్నాడు. అమ్మ మొహం చూడాలి అప్పుడు. రోజూ రుబ్బురోలు తిప్పే చెయ్యి అది. అతను మొహమాటానికన్నట్టు వాషరు మార్చి, పాతది అరుగు మీద పెట్టి వెళ్లాడు. అతని తప్పేమీ లేదు. అతను చూసిన కుళాయి నిజంగానే బాగుంది. మర్నాడు తెల్లవారుజామున మళ్లీ మామూలే. అమ్మ కుళాయి పిడిలోకి అట్లకాడ దోపి తిప్పడం మొదలుపెట్టింది.

రోగం వేళ పట్టి వస్తోందంటే ఆ వేళకి మారేవేమిటో చూడాలి కదా. మా ఇంట్లో తెల్లవారుజామునకీ పదకొండింటికీ మధ్య మారేవి రెండే. ఒకటి వీధి మంచినీళ్ల పంపు. దాన్ని ముందే కొట్టేశాను, ఎందుకంటే ఈ కుళాయికి వీధి లైనుతో సంబంధం లేదు. ట్యాంకు ఎత్తు ఎప్పుడూ ఒకటే, ఒత్తిడీ ఒకటే. ఇక మిగిలింది చలి.

కానీ మా వైపు చలి ఏపాటిది? 17, 18 డిగ్రీలకి దిగితేనే పెద్దాళ్లు చెవులకి మఫ్లర్లు చుట్టేస్తారు. నీళ్లు గడ్డ కట్టే ప్రశ్నే లేదు. ఇత్తడి సంకోచించిందా అంటే, పది డిగ్రీల తేడాకి ఇంత చిన్న వస్తువులో వచ్చే మార్పు చేతికి తెలిసేది కాదు.

ఆ వారంలోనే అక్క కొడుకు ఫోను చేశాడు. వాడుండేది మినియాపొలిస్‌లో. అక్కడ జనవరిలో సున్నాకి కింద ఇరవై డిగ్రీలు వింతేమీ కాదు. మా కుళాయి సంగతి చెబితే పడీ పడీ నవ్వాడు. "మావయ్యా, పద్దెనిమిది డిగ్రీలుంటే మేం చొక్కా విప్పి గడ్డి కోస్తాం" అన్నాడు. నవ్వడం అయ్యాక వాళ్ల బాధలు చెప్పాడు. వినదగ్గవే.

వాళ్లకి ఇంటి బయటి గోడకి ఒక కుళాయి ఉంటుంది, తోటకి నీళ్లు పట్టడానికి. నీరు గడ్డ కడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. పైపు పగిలేది మంచు ఉన్నచోటే అనుకుంటాం గానీ, చాలాసార్లు అలా కాదట. లోపల మంచుబిరడా పెరుగుతూ, దానికీ మూసి ఉన్న కుళాయికీ మధ్య చిక్కుకున్న నీటిని నొక్కుతుంది. ఆ నీటికి పోయే దారి లేక ఒత్తిడి పెరిగి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చీలుతుంది. చీలినప్పుడు ఎవరికీ తెలియదు, మంచే బిరడాగా ఉంటుంది కాబట్టి. వసంతంలో మంచు కరిగి, మొదటిసారి కుళాయి విప్పిన రోజున గోడ లోపల, నేలమాళిగలో నీళ్లు కారతాయి.

అందుకని అక్కడ పొడుగు కాడ కుళాయిలు వాడతారు. పిడి బయట ఉంటుంది, నీటిని ఆపే వాషరు మాత్రం గోడ దాటి ఓ అడుగు లోపల, ఇంటి వెచ్చదనంలో ఉంటుంది. కట్టేయగానే కాడలో మిగిలిన నీళ్లు బయటికి జారిపోవాలి, అందుకు దాన్ని కాస్త వాలుగా బిగిస్తారు. అంత ఏర్పాటూ ఒక్క పనితో పాడవుతుంది. చలికాలం వచ్చినా రబ్బరు గొట్టం తియ్యకుండా వదిలేస్తే నీళ్లు జారవు, కాడలోనే నిలిచి గడ్డ కడతాయి. వాడి పక్కింటివాళ్లకి అదే జరిగిందట. పాత రకం కుళాయి అయితే ఇంటి లోపలున్న వాల్వు కట్టేసి, బయట కుళాయి తెరిచి ఉంచి, పైపు ఖాళీ చేస్తారు.

"మరి గడ్డ కట్టేస్తే ఏం చేస్తారురా?" అన్నాను.

"ముందు కుళాయి విప్పి ఉంచాలి మావయ్యా, కరిగిన నీళ్లకి దారి ఉండాలి కదా. తర్వాత వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుట్టడమో, జుట్టు ఆరబెట్టే మిషను పెట్టడమో. కుళాయి వైపు నుంచి మొదలుపెట్టి లోపలికి వెళ్లాలి. నిప్పు మాత్రం పెట్టకూడదు."

ఫోను పెట్టేశాక అమ్మ అంది, "ఆ వేడినీళ్ల గుడ్డేదో మనమూ చుట్టి చూద్దాం. పోయేదేముంది?"

మర్నాడు ఆవిడతో పాటే లేచాను. బయట మంచు దట్టంగా ఉంది, కొబ్బరి మట్టల నుంచి చుక్కలు టపటపా రాలుతున్నాయి. కుళాయి పట్టుకుని తిప్పాను. అమ్మ మాట అక్షరాలా నిజం. తిరగకపోవడం కాదు, తిరుగుతుంది గానీ బంకలో ఇరుక్కున్నది కదిలినట్టు నిదానంగా, మొండిగా తిరుగుతుంది. తుప్పు పట్టి బిగిస్తే కర్రుమని శబ్దం వస్తుంది, ఒకచోట ఆగి ఒకచోట వదులుతుంది. ఇది అలా కాదు. మొదటి నుంచి చివరిదాకా ఒకే బరువు.

బాయిలరులో కొబ్బరి డొక్కలు రాజుకుని నీళ్లు కాగుతున్నాయి. చెంబుడు పట్టి, పాత తుండుగుడ్డ ముంచి, కుళాయి మెడకి చుట్టాను. మెడంటే పిడి కింద ఉండే నట్టు, గ్లాండు నట్టు అంటారు. వెనకాల ఉన్నది ప్లాస్టిక్ పైపు కాబట్టి వేడినీళ్లు దాని మీద పడకుండా చూసుకున్నాను. మరిగే నీళ్లు పడితే పీవీసీ మెత్తబడి వంకర పోతుంది. ఒక నిమిషం ఆగి తిప్పితే పిడి మధ్యాహ్నం తిరిగినంత తేలిగ్గా తిరిగింది. అమ్మ ఏమీ అనలేదు. మా ఆవిడని పిలిచి, "నువ్వూ తిప్పి చూడు" అంది.

అంటే లోపల చలికి గట్టిపడి వేడికి కరిగేది ఏదో ఉంది. మా ఊళ్లో అలాంటిది ఏమిటో కనుక్కోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. స్నానాల గదిలో కొబ్బరినూనె సీసా చూస్తే చాలు, డిసెంబరు నెలలో అది తలకిందులు చేసినా చుక్క రాదు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంతకన్నా చల్లబడితే పేరుకుంటుంది. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు పక్కనే పెట్టుకుని, దాన్ని పోపులో తప్ప అన్నిటికీ వాడే సీమ మాది.

కుళాయిలోకి ఎలా వచ్చింది? పక్కింటి బాబాయి గారు. డెబ్భై దాటిన మనిషి, ఊరికే కూర్చోలేరు. సైకిలు చైనుకి, తలుపు బందులకి, బావి గిలకకి, కుట్టుమిషనుకి కూడా కొబ్బరినూనే ఆయన మందు. కార్తీకంలో మా వాకిట్లో కుళాయి కీచుమంటోందని, మా అమ్మ కళ్ల ముందే, పిడి కింద కన్నంలోంచి నాలుగు చుక్కలు వేశారు. కీచు మానేసింది. అమ్మే ఆ మాట గుర్తు చేసుకుని, "ఆయన పోసినప్పుడు ఎంత బాగా తిరిగిందో!" అంది. తిరగదా మరి, కార్తీకంలో ఇంకా నూనె నూనెగానే ఉంటుంది.

ఎండెక్కాక విప్పి చూశాను. ట్యాంకు దగ్గర వాల్వు కట్టేసి, కుళాయి తెరిచి పైపులో నీళ్లు పోనిచ్చి, పిడి మర తీసి, పానాతో గ్లాండు నట్టు వదులు చేశాను. ఇత్తడి మీద పానా పళ్లు పడకుండా కింద గుడ్డ పెట్టుకోవాలి, లేకపోతే నట్టు మూలలు అరిగి తర్వాత ఎవరికీ లొంగదు. నట్టు లోపల కాడ చుట్టూ నూలు చుట్టి ఉంటుంది, కాడ పక్క నుంచి నీరు ఎగదన్నకుండా. ఆ నూలే అసలు దోషి. నూనె తాగి, ఎన్నేళ్ల నుంచో పేరుకున్న సున్నపు పొడితో కలిసి, బూడిదరంగు మైనంలా ముద్దకట్టి ఉంది. పుల్లతో తవ్వి తీస్తే ముక్కలు ముక్కలుగా ఊడింది. అరచేతిలో పెట్టుకుంటే కాసేపటికి మెత్తబడి నూనె వాసన వేసింది. నూనె ఒక్కటే అయితే కుళాయి ఇంతగా బిగిసేది కాదనుకుంటాను, సున్నం తోడవడం వల్లే అంత మొండికేసింది.

అప్పటికి రెండో ఫిర్యాదూ తేలిపోయింది. కుళాయి కట్టేటప్పుడు ఇంక చాలని చేతికి ఎలా తెలుస్తుంది? పిడి బరువెక్కితే తెలుస్తుంది. వాషరు సీటు మీద, అంటే లోపల నీళ్లు వచ్చే రంధ్రం అంచు మీద, కూర్చుని నొక్కుకున్నప్పుడు వచ్చే బరువు అది. తెల్లవారుజామున ఆ బరువు మెడలోనే, నూలు దగ్గరే వచ్చేస్తోంది. వాషరు ఇంకా సీటుని ముట్టుకోకముందే కట్టేశామని చెయ్యి నమ్మేస్తోంది. ధార కారక ఏం చేస్తుంది? మా వాకిలి తూర్పు ముఖం, తొమ్మిదింటికల్లా ఎండ నేరుగా కుళాయి మీద పడుతుంది. అప్పుడెవరో వచ్చి అదే పిడిని అదే బలంతో కడతారు, కానీ ఈసారి మెడ వదులుగా ఉంటుంది, బలమంతా వాషరు మీద పడి అది నలిగిపోతుంది. మేస్త్రి అరుగు మీద వదిలేసిన పాత వాషరు తీసి చూశాను. మధ్యలో సీటు అచ్చు లోతుగా దిగి ఉంది. అంచులు ఉబ్బి ఉన్నాయి, గోరుతో నొక్కితే గుంట పడుతోంది. రబ్బరుకి నూనె పడదు. కొబ్బరినూనె ఒక్కటే కాదు, మామూలు బండి గ్రీజు తగిలినా రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

శుభ్రం చెయ్యడం సులువే. గిన్నెల సబ్బు వేసిన వేడినీళ్లలో నానబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో మరలన్నీ రుద్దితే నూనె పోయింది. సున్నానికి చింతపండు. ఇత్తడి బిందెలు తోమడానికి అమ్మ నానబెట్టిన చింతపండులోనే కాడా, నట్టూ ఒక పూట వదిలేశాను. పులుపు సున్నాన్ని నిదానంగా తినేస్తుంది, ఇత్తడి జోలికి పెద్దగా పోదు. బాత్రూము కడిగే యాసిడ్ పొయ్యమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. సున్నం క్షణంలో పోయే మాట నిజమే, దాంతో పాటు కుళాయి సీటు కూడా గరుకెక్కుతుంది, ఆ తర్వాత ఎన్ని వాషర్లు మార్చినా చుక్క ఆగదు.

ఇత్తడిని అంత దగ్గరగా చూడటం కూడా మంచిదైంది. కుళాయి కింది భాగంలో అక్కడక్కడ గులాబిరంగు మచ్చలు, వాటి చుట్టూ తెల్లటి పొడి కనిపించాయి. ఉప్పునీళ్లలో ఇత్తడికి వచ్చే రోగం ఇది. ఇత్తడిలో ఉండే జింకు కరిగి పోయి, రాగి మాత్రం గుల్లగా మిగులుతుంది. పైకి కుళాయి ఆకారం మారదు, లోపల బలం ఉండదు. 1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక కాలవనీళ్లు పారినంత మేరా మా సీమలో పైపొరన తియ్యనీరు నిలిచింది గానీ, కింద ఉప్పునీరు ఉండనే ఉంది. కాలవ గట్టున ఫిల్టర్ పాయింటు, అంటే లోతు తక్కువ బోరు, వేస్తే నీళ్లు తియ్యగా ఉంటాయి, నాలుగు పొలాలు దాటి వేస్తే నోట్లో పెట్టుకోలేం. మా బోరు రెంటికీ మధ్యస్థం. మా కుళాయికి ఇంకా కొన్నేళ్ల ఆయుష్షు ఉంది. కొత్తది కొనాల్సి వస్తే మాత్రం నేను మెరిసే ఇత్తడి జోలికి పోను. గట్టి ప్లాస్టిక్‌తో చేసిన పీటీఎమ్‌టీ కుళాయిలని షాపుల్లో అడిగితే ఇస్తారు. చూపుకి ఆనవు గానీ ఉప్పుకి చలించవు.

ఇక కందెన. అసలేమీ రాయకపోతే మళ్లీ కీచుమంటుంది, బాబాయి గారు మళ్లీ వస్తారు. కావలసింది చలికి పేరుకోనిది, రబ్బరుని పాడు చెయ్యనిది, నీటికి కొట్టుకుపోనిది. అది సిలికాన్ గ్రీజు. మలికిపురంలో అడిగితే షాపాయన "దానికంత ఎందుకండీ, కొబ్బరినూనె రాసెయ్యండి, సరిపోద్ది" అన్నాడు. నవ్వొచ్చింది. చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్తే అక్కడ పెద్ద షాపులో దొరికింది, చిన్న ట్యూబు. తాగేనీటి పైపులకి వాడదగ్గదని దాని మీద రాసి ఉందో లేదో చూసి తీసుకున్నాను. ఆ షాపులో కుర్రాడు పావుచుట్టుతో తెరుచుకునే కొత్త రకం కుళాయి చూపించాడు. లోపల వాషరు బదులు పింగాణీ బిళ్లలు ఉంటాయి. పట్నంలో ఫిల్టరు నీళ్లకి బాగానే ఉంటుంది. మా ట్యాంకు అడుగున ఇసకా, ఎర్రటి మడ్డీ చేరతాయి. ఒక్క ఇసక రేణువు బిళ్లల మధ్య పడి గీత గీస్తే వాషరు మార్చినంత తేలిక కాదు, లోపలి భాగమంతా మార్చాలి. వద్దన్నాను.

నూలు బదులు టెఫ్లాన్ టేపుని పేని దారం చేసి, కాడ చుట్టూ నట్టు బిగిసే దిక్కుగానే చుట్టాను. ఎదురుగా చుడితే నట్టు బిగిస్తుంటే అది విడిపోతుంది. గ్రీజు పలచగా రాసి, నట్టుని చేత్తో బిగించి, నీళ్లు వదిలి, కుళాయి తెరిచి చూస్తూ పానాతో కొద్దికొద్దిగా బిగించాను. కాడ పక్క నుంచి తేమ ఎక్కడ ఆగిందో అక్కడే నేనూ ఆగిపోయాను. చాలామంది అక్కడి నుంచి ఇంకో చుట్టు తిప్పుతారు, "గట్టిగా ఉంటుందని". అలా చేస్తే కుళాయి మళ్లీ బిగుస్తుంది.

కాని మూడో ఫిర్యాదు, ఆ దిమ్మ మొదట్లో తడి, అలాగే ఉంది.

చలికాలంలో నేల తడిని చూసి ఏమీ చెప్పలేం. మంచు ఒకటి పడుతుంది, ఇత్తడి కుళాయి రాత్రంతా చల్లబడి ఒళ్లంతా చెమర్చి, ముక్కు చివర నుంచి చుక్కలు కూడా రాలుస్తుంది. చూసేవాడికి అది లీకే. తేల్చుకోవడానికి అమ్మ ముగ్గుపిండి అడిగి తీసుకుని రాత్రి పడుకునే ముందు దిమ్మ చుట్టూ పొడిగా జల్లి, సగం మీద బేసిను బోర్లించాను. మంచు అయితే బేసిను బయట తడుస్తుంది, లోపల తడవదు. పొద్దున్న చూస్తే బయటంతా సమానంగా చెమ్మగిల్లి ఉంది. బేసిను ఎత్తితే లోపల పిండి మూడొంతులు పొడిగానే ఉంది గానీ, దిమ్మ వైపు నుంచి ఒక నల్లటి చార పాకి వచ్చి ఉంది. అంటే మంచూ ఉంది, లీకూ ఉంది.

ఏ పైపు? అక్కడ మట్టి కింద రెండు ఉన్నాయి, బోరు మోటారు నుంచి ట్యాంకుకి ఎక్కేది ఒకటి, ట్యాంకు నుంచి కుళాయికి దిగేది ఒకటి. దీనికి చలికాలమే సాయం చేసింది. తెల్లవారుజామున బోరునీళ్లు గోరువెచ్చగా ఉంటాయి, పొగలు కూడా కనిపిస్తాయి. రాత్రంతా మేడ మీద నిలిచిన ట్యాంకు నీళ్లు జివ్వుమంటాయి. మోటారు వేయించి తడిలో కాలు పెట్టి నిలబడ్డాను. చల్లగానే ఉంది. ట్యాంకు వాల్వు కట్టేసి సాయంత్రం దాకా ఆగితే చార పాకడం మానేసింది. ఎండాకాలంలో అయితే రెండు నీళ్లూ ఒకటే వేడి, ఈ కిటుకు పనిచెయ్యదు.

దిమ్మ వెనక రెండు జానలు తవ్వితే కనిపించింది. కుళాయి మర బిగిసే పీవీసీ ఎల్బో, అంటే పైపు మలుపు ముక్క, దాని నోటి దగ్గర వెంట్రుకవాసి చీలిక. ప్లాస్టిక్ మరలోకి ఇత్తడి మర బిగిస్తే ఎప్పుడూ ఇదే భయం, పైగా ఎండకి ఏళ్ల తరబడి మాడి పైపు పైభాగం సుద్ద రాలుతోంది. చలికి పీవీసీ ఇంకాస్త పెళుసెక్కుతుంది. అలాంటి దాని మీద అమ్మ అట్లకాడ పెట్టి తిప్పిన బలమంతా వెళ్లి పడింది. పైపుని దిమ్మకి పట్టి ఉంచే క్లాంపు ఎప్పుడో ఊడిపోయింది కాబట్టి, కుళాయి బిగిసినప్పుడల్లా ఎల్బోయే మెలిపడింది. అమ్మకి ఈ సంగతి చెప్పలేదు. చెబితే బాబాయి గారి దాకా వెళ్తుంది.

ఈసారి మేస్త్రినే పిలిచాను, పైపు కోసి అతికే పని అతనికి చేతిలో ఉన్న విద్య. లోపల ఇత్తడి మర పోసిన ఎల్బో తెప్పించాను. అతను పొద్దున్నే వచ్చి అతికేస్తానన్నాడు. వద్దు, ఎండెక్కాక చూద్దామన్నాను. మంచుకి తడిసిన పైపు మీద సొల్యూషను పట్టదు, చలిలో ఆరడమూ ఆలస్యమే. పైపు గుడ్డతో తుడిచి, ఎండలో పెట్టి, ఆ తర్వాత అతికించాం. మర్నాటిదాకా నీళ్లు వదల్లేదు. దిమ్మకి రెండు చోట్ల క్లాంపులు వేయించాను, ఇంక కుళాయిని ఎంత తిప్పినా ఆ బలం ఇటుకల మీద పడుతుంది. మేనల్లుడి మాట గుర్తొచ్చి, ఈ ఒక్క లైనుకీ మేడ దిగేచోట బాల్ వాల్వు కూడా పెట్టించాను. అంతకుముందు వాకిట్లో వాషరు మార్చాలంటే ఇల్లంతటికీ నీళ్లు కట్టాల్సి వచ్చేది. వాడికి అది పైపు పగలకుండా కాచేది, మాకు వంటింట్లో గొడవ లేకుండా కాచేది.

అంతా అయ్యాక మేస్త్రి కుళాయి తిప్పి చూసి, "నేను చూసినప్పుడూ ఇలాగే తిరిగిందండి" అన్నాడు. అమ్మ అతన్ని మర్నాడు అయిదింటికి కాఫీకి రమ్మంది. రాలేదనుకోండి.

పండక్కి ఇంటి నిండా జనం. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లేవాళ్లు, వచ్చేవాళ్లు, అందరూ కాళ్లు కడుక్కునేది ఆ కుళాయి దగ్గరే. పిల్లలు దాన్ని ఎలా వాడారో చెప్పక్కర్లేదు. నేల పొడిగానే ఉంది, రథం ముగ్గు చెక్కుచెదరలేదు.

ముక్కనుమ నాడు బాబాయి గారు వచ్చారు. "మీ ట్యూబులో ఆ మందు ఇంకా మిగిలిందా? మా గేటు కూడా పొద్దున్నపూట మొరాయిస్తోంది రా" అన్నారు. గేటుకి ఏం రాశారని అడగక్కర్లేకపోయింది. ఇనప బందుల్లో రబ్బరు ఉండదు కాబట్టి ఇంత ఖరీదైనది అక్కర్లేదు, కిరసనాయిలుతో ఆ పాత నూనె కడిగేసి సైకిలు షాపు గ్రీజు రాస్తే చాలని చెప్పాను. ఆయన అంతా శ్రద్ధగా విని, ట్యూబు పట్టుకుని వెళ్లిపోయారు.